వేలు చూపిన చోటల్లా

రాత్రి పడుకునేసరికి టీవీ పటంలో బూడిద రంగులోనే ఉన్న పెన్సిల్వేనియా, బుధవారం పొద్దున మేనుక పొయ్యి మీద టీ గిన్నె పెట్టేసరికి రంగు తిరిగింది.

"తేలిపోయింది," అంది మేనుక. "మీరు వేసినాయనదే రాష్ట్రం."

డంబర్ నోట్లో బ్రష్షుతోనే వచ్చి టీవీ ముందు నిలబడ్డాడు. డెబ్బై లక్షల ఓట్లు. తేడా రెండు శాతం కూడా లేదు. ఈ రాష్ట్రం ఎటు మొగ్గితే అటే అధ్యక్ష పదవి అని నెల రోజులుగా ఊదరగొట్టారు. చివరికి అదే జరిగింది.

"అందులో నాదొకటుంది," అన్నాడు, నురగ గడ్డం మీదికి కారుతుంటే.

"ముందు నోరు కడుక్కోండి. అధ్యక్షుణ్ణి చేసింది చాలు."

పెళ్ళయి మూడు నెలలు. మేనుకకి ఇంకా అన్నీ ముచ్చటే. కిటికీ అద్దం మీద పట్టిన చెమ్మలో వేలితో ఇద్దరి పేర్లూ రాయడం ముచ్చట. ఒకే గ్లాసులో ఇద్దరూ టీ తాగి అత్తగారి చేత చీవాట్లు తినడం ముచ్చట. నిన్న సాయంత్రం చొక్కా మీద గుండ్రటి స్టిక్కరుతో ఇంటికొచ్చిన మొగుణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి ఫోటో తీయడం అన్నిటికన్నా ముచ్చట.

"మీ నాన్న చూడాల్సింది," అంది డంబర్ తల్లి, శాలువా అంచుతో ముక్కు తుడుచుకుంటూ.

డంబర్ నోరు కడుక్కుని వచ్చాడు. అతని తండ్రిని, నేపాలీ మాట్లాడేవాళ్ళందరితో పాటు, భూటాన్ తరిమేసింది. నేపాల్ శిబిరంలో ఉండమంది కానీ తనవాడు అనలేదు. జనాభా రాసుకోవడానికి ఎవరొచ్చినా, "ఇంతకీ మేం ఏ దేశం లెక్కలో ఉన్నామయ్యా?" అని అడిగేవాడు ఆయన. వాళ్ళు నవ్వి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ ప్రశ్న అడుగుతూనే వెదురు గుడిసెలో పోయాడు. డంబర్ పుట్టింది అదే గుడిసెలో. అమెరికాకి, ఈ ఈరీ ఊరికి వచ్చి ఆరేళ్ళయినా, ఆ ప్రశ్న అతని వెంటే వచ్చింది.

టీ వాసన పట్టుకుని కింది వాటాలోంచి గోపీలాల్ కాకా మెట్లెక్కి వచ్చాడు.

"ఏరా డంబరే, వైట్‌హౌస్ నుంచి ఫోనొచ్చిందా? ఒక్క ఓటుకే ఇంత టెక్కా? అసలు నీకు ఓటెవరిచ్చార్రా?"

"ప్రభుత్వమే ఇచ్చింది కాకా." డంబర్ పర్సులోంచి కార్డు తీశాడు. చెమట తగలకుండా ప్లాస్టిక్ తొడుగు వేయించి పెట్టుకున్నాడు. "ఇదిగో. పేరు. ఇంటి నంబరు. పోస్టులో ఇంటికే వచ్చింది."

కాకా దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూశాడు. శిబిరంలో పద్దెనిమిదేళ్ళు రేషన్ కార్డు మీద బతికిన మనిషి. కార్డు ఉంటే మనిషి ఉన్నట్టు. కార్డు లేకపోతే ఎదురుగా నిలబడ్డా లేనట్టు.

"కార్డే వచ్చాక ఇంకేముంది," అన్నాడు, గౌరవంగా తిరిగిచ్చేస్తూ. "నన్నూ అడిగింది ఆ పిల్ల. మోకాళ్ళ నొప్పులతో నేనే నిలబడలేదు."

వేసవిలో కిరాణా కొట్టు ముందు అట్ట పట్టుకుని నిలబడ్డ పిల్ల అది. ఓటుందా అని డంబర్‌ని అడిగింది. లేదన్నాడు. రెండు నిమిషాల్లో రాయిస్తానంది. కాగితం నిండా ఇంగ్లీషు. ఆమె వేలు చూపిన చోటల్లా, 'అమెరికా పౌరుడివేనా?' అన్న మొదటి గడిలో కూడా, చదవకుండానే టిక్కు పెట్టాడు, చివర సంతకం చేశాడు. శిబిరంలో వచ్చిన అలవాటది. అధికారి వేలు ఎక్కడుంటే సంతకం అక్కడ. ఇదేమిటని అడిగినవాడికి ఆ వారం బియ్యం ఆలస్యం.

మూడు వారాలకి కార్డు వచ్చింది. నిన్న చర్చి నేలమాళిగలో వరసలో నిలబడ్డాడు. ఓటేసి బయటికొస్తుంటే ఒక ముసలావిడ "థాంక్యూ" అని చొక్కాకి స్టిక్కరు అంటించింది. దానితోనే ఫ్యాక్టరీకి వెళ్ళాడు. ఆరేళ్ళుగా 'డాంబీ' అని పిలిచే ఫోర్‌మన్ దాన్ని చూసి, చెయ్యి కలిపి, మొదటిసారి పేరు సరిగ్గా పలికాడు.

"రేపు పిట్స్‌బర్గ్ కదూ?" అన్నాడు కాకా. "కోటు కూడా కొన్నావట. పెళ్ళికి కూడా అరువు కోటే వేసుకున్నావు కదరా."

"పెళ్ళికి నేను చూస్తే చాలు కాకా," అంది మేనుక. "రేపు చూసేవాళ్ళు వేరు."

"నీ కోడలికి నోరు ఎక్కువే వదినా."

"నాకు ఆ నోరు లేకే మూడు దేశాలు తిరిగాను," అంది తల్లి. దారిలో తినడానికి, నూనెలో గుండ్రంగా వేయించే సెల్ రొట్టెల పిండి కలుపుతోందామె. "బయల్దేరేముందు తిలకం పెట్టి పంపిస్తా. వాళ్ళ నాన్న ఫోటో కూడా జేబులో పెట్టుకోమన్నాను."

పాత బట్టల కొట్లో కొన్న ఆ నీలం కోటుకి మేనుక ఇస్త్రీ చేసింది. మోచేతి దగ్గర చిన్న రఫ్ఫు ఉంది, దూరం నుంచి తెలియదు. పాత చొక్కా మీంచి స్టిక్కరు మెల్లగా ఊడబీకింది. ఒక అంచు లేచిపోయింది. రెండు అన్నం మెతుకులు నలిపి వెనక రాసి, కోటుకి ఎడమవైపు, సరిగ్గా గుండె మీద అతికించి, అరచేత్తో అదిమి పట్టుకుంది.

'నేను ఓటు వేశాను.'

"ఊడిపోదుగా?" అన్నాడు డంబర్.

"ఛ. మెతుకు ఎండితే ఇక ఊడదు," అంది మేనుక. "ఐదింటికే బయల్దేరదాం. రేపు మీకు పౌరసత్వం ఇవ్వాలా వద్దా అని తేల్చే ఆఫీసరుకి, తలెత్తగానే ముందు ఇదే కనబడాలి."