మరియమ్మ చూసుకోని రోజు

చర్చిలో పూజ మధ్యలో మారివిక్ కునికింది. ఒళ్ళోని పసివాడు జారిపోయాడు.

పక్కనున్న ముసలమ్మ చటుక్కున పట్టుకుంది.

పూజకొచ్చే ఆడవాళ్ళకు ఒక కన్ను పీఠం మీద ఉంటే, రెండోది పక్క బెంచీ మీద ఉంటుంది.

"ఏం తల్లో! మొగుడు ఓడ మీద చెమటోడ్చి పంపుతుంటే, ఒక్క బిడ్డని పట్టుకోలేదు," అంది ఒకావిడ, వినబడేలాగే.

మారివిక్‌కి కోపం రాలేదు, సిగ్గూ వేయలేదు. బిడ్డ పుట్టిన నాటి నుంచీ ఆమెకు ఏదీ అనిపించడం లేదు. వాడు ఏడ్చినా అంతే, నవ్వినా అంతే.

ముసలమ్మ బిడ్డను భుజాన వేసుకునే బయటికి వచ్చింది. ఆమె సలుద్. ఈ మధ్యే ఎక్కడినుంచో ఊళ్ళోకి వచ్చి, చర్చి ముందు కొవ్వొత్తులు అమ్ముకుంటోంది.

అరిటాకులో చుట్టి ఉడికించిన బియ్యపు వంటకం, సుమాన్, విప్పి మారివిక్ చేతిలో పెట్టింది.

"ముందు తిను. వీణ్ణి నేను చూస్తాలే."

"చూడండి. శనివారం మా ఆడపడుచు వచ్చి ఎలాగూ తీసుకెళ్ళిపోతుంది."

"ఎన్నాళ్ళకి?"

"ఎప్పటికీ. ఆవిడకి పిల్లల్లేరు, మంచి తల్లవుతుంది. నావల్ల కాదు పెద్దమ్మా. పాలు పడలేదు. వీణ్ణి చూస్తే ప్రేమా పుట్టదు. లోపల మరియమ్మని చూడండి, బిడ్డనెత్తుకుని ఎలా వెలిగిపోతోందో!"

"అది బొమ్మ కదే పిల్లా, దానికి నిద్ర రాదు. అసలు మరియమ్మ పండక్కెళ్ళి పన్నెండేళ్ళ కొడుకుని యెరూషలేములోనే వదిలి వచ్చేసింది. ఒక రోజు దారి నడిచాక గానీ చూసుకోలేదు. అయినా దేవుడు ఆమెని తల్లివి కాదు పొమ్మన్నాడా?"

మారివిక్ సుమాన్ ఒక ముక్క కొరికింది.

"నువ్వు తల్లివి, దేవుడివి కాదు. నీకు చేతనైంది నువ్వు చెయ్యి. మిగతాది ఆయన్ని చూసుకోనీ."

"మీకేం, ఎన్నైనా చెబుతారు. మీకెంతమంది?"

"ఒక్కడే. బుద్ధిమంతుడు."

"చూశారా! పెంచడం వచ్చినవాళ్ళకి నా బాధేం తెలుస్తుంది?"

బిడ్డను విసురుగా లాక్కుని వెళ్ళిపోయింది.

శనివారం ఆడపడుచు కొత్త దుప్పటి పట్టుకుని సెబూ నుంచి వచ్చిన లాంచీ దిగింది.

బిడ్డను అందించబోయి మారివిక్ ఆగింది. ప్రేమేమీ పొంగలేదు. 'ప్రభువా, నాకు చేతకానిది నువ్వు చూసుకో' అనుకుంది, అంతే.

"వద్దులే వదినా. వీడు ఇక్కడే ఉంటాడు. నువ్వే అప్పుడప్పుడూ వచ్చి కాస్త సాయం చెయ్యి."

ఆ సంగతి సలుద్‌కి చెబుదామని ఆదివారం వెళ్తే, చర్చి పక్క హాల్లో ఆమె శవపేటిక ఉంది. గుండె ఆగిందట.

ఒక్క మంచి మాటైనా అనలేదే అనుకుంది మారివిక్. ఎన్నాళ్ళకో ఆమెకు ఏడుపు వచ్చింది.

పేటిక పక్కన ఫాదర్ మోయిసెస్ ఒక్కరే కూర్చుని ఉన్నారు. ఎవరొచ్చినా గేటు దాకా వచ్చి పంపే మనిషి, ఆమె లేచినా కదల్లేదు.

"ఏమీ అనుకోకమ్మా, గుమ్మం దాకా రాలేను. చూడ్డానికి వచ్చినవాళ్ళని పోయినవాళ్ళ ఇంటివాళ్ళు సాగనంపకూడదని మన ఆచారం కదా."

"మీరు ఇంటివాళ్ళేమిటి ఫాదర్? సిస్టర్ల దగ్గర పెరిగిన అనాథనని మీరే అంటారుగా?"

"నాకూ నిన్ననే తెలిసింది, ఆసుపత్రిలో ఆవిడే చెప్పింది."

ఫాదర్ పేటిక మీద చెయ్యి వేశారు.

"మంచి తల్లిని కాలేనేమోనని భయపడి, నెలల పిల్లాణ్ణి సిస్టర్ల వాకిట్లో వదిలేసి వెళ్ళిపోయిందట మా అమ్మ."