ఎడమవైపు రెండో పన్ను

"మళ్లీ దాని పళ్లేనా? నిన్న నా మ్యాచ్ చూడ్డానికి రమ్మంటే నీకు తీరిక లేదు," అంది కలీనా.

"మెల్లగా మాట్లాడు. లోపల డాక్టరుగారున్నారు," అంది తల్లి వెనేతా.

ప్లోవ్‌దివ్ నగరంలోని దంతవైద్యశాల వరండాలో బెంచీ మీద ముగ్గురూ వరసగా కూర్చుని ఉన్నారు. పదమూడేళ్ల జోరా మధ్యలో తల వంచుకుని కూర్చుంది. పుట్టుకతోనే ఆ పిల్లకు చాలా పళ్ల మొలకలు లేవు. నోటిలో ఉన్నవి ఆరే పళ్లు, అవీ మేకుల్లా సన్నగా ఉంటాయి.

"నాన్న జర్మనీ నుంచి ఫోన్ చేస్తే మొదటి మాట 'జోరా పళ్లెంతవరకొచ్చాయి' అనే. వంటింట్లో సూప్ వడగట్టేది దానికోసం. కట్‌లెట్ చిదిమి పెట్టేది దానికోసం. నా నోట్లో ఇరవై ఎనిమిదీ ఉన్నాయిగా, ఇక నా సంగతి ఎవరడుగుతారు?"

"పదహారేళ్లొచ్చాయి, చెల్లెలి మీద ఏడుపేమిటే?"

జోరా అక్క చెయ్యి పట్టుకోబోయింది. కలీనా విడిపించుకుంది.

లోపలికి పిలిచారు. డాక్టర్ స్తానేవా ఒక చిన్న పెట్టె తెరిచింది. గులాబీరంగు మైనంలో నిలబెట్టిన పళ్ల వరస బయటికి తీసింది.

"ఇది సరిచూసుకోవడానికే. ఇవాళ మీరు సరేనంటే అచ్చు పోసేస్తాం. ఆ తర్వాత ఇందులో మార్పులుండవు. దవడ పెరిగాక ఎలాగూ కొత్తది చెయ్యాలి. అప్పటిదాకా దీనితోనే నవ్వాలి," అంటూ జోరా నోటిలో ఉన్న పళ్ల మీదుగా దాన్ని జాగ్రత్తగా అమర్చింది.

జోరా అద్దంలో చూసుకుంది. మొదట పెదవులు కదిపింది. తర్వాత నవ్వింది.

వెనేతా కళ్లు తుడుచుకుంది. పక్కగది నర్సు కూడా వచ్చి చూసింది. "ఎంత బావుందో మా తల్లి," అంది.

కలీనా గోడకానుకుని నిలబడింది. ఆ నవ్వు చాలా బాగుంది. అందుకే ఆమెకు అది నచ్చలేదు. తన వైపు ఎవరైనా ఇలా గుమిగూడి చూసి ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు. దగ్గరికి వెళ్లి, చెల్లెలి నోటిలోకి తొంగిచూసింది. ఒక్క లోపం దొరికితే చాలనుకుంది. దొరికింది.

"వంకరగా ఉంది," అంది.

జోరా అరచేత్తో నోరు మూసుకుంది.

"ఇవాళైనా మంచి మాట రాదా నీ నోట?" అంది తల్లి.

"ఉన్నమాటే అన్నాను. ఎడమవైపు రెండో పన్ను. పక్కదాని మీదికెక్కింది. రేపు బడిలో అందరూ నవ్వుతారు. అప్పుడు నన్ననకండి."

వెనేతా కంగారుగా వంగి చూసింది. "నిజమే డాక్టరుగారూ. కొంచెం తిన్నగా పెట్టరూ?"

"మైనమే కదమ్మా, నిమిషం పని. రెండుసార్లు తిన్నగా పెట్టాను కూడా."

"మరి?"

"రెండుసార్లూ మీ చిన్నమ్మాయి మళ్లీ వంచమంది."

"అలాగే ఉండనీండి," అంది జోరా. కొత్త పళ్లకు నాలుక అలవాటు పడలేదు, మాట ముద్దగా వచ్చింది. అయినా ఆ గొంతులో బెదురు లేదు.

కలీనా నవ్వింది. అది మంచి నవ్వు కాదు. "చూశావా అమ్మా? నేను అడిగితే మొండితనం. అది అడిగితే వంకర కూడా ముద్దే."

డాక్టర్ స్తానేవా జోరా ఫైలు తెరిచి, మూలలు నలిగిన ఫోటో ఒకటి తీసి కలీనా చేతికిచ్చింది.

"ఏ నమూనా చూపించినా వద్దంది. అచ్చం ఈ ఫోటోలో నవ్వులాగే ఉండాలట. వీసమెత్తు తేడా ఒప్పుకోలేదు."

"ఎవరో సినిమా తార అయివుంటుంది," అంటూ కలీనా ఫోటోను వెలుతురువైపు తిప్పింది.

సముద్రపు ఒడ్డున, తడిజుట్టుతో, ఎడమవైపు రెండో పన్ను పక్కదాని మీదికెక్కి కనిపించేలా, నోరారా నవ్వుతున్నది కలీనాయే.