అతుకున్న మ్యాటు

"ఎన్నాళ్లు మన్నుతుందప్పా?" అని ఆళ్లగడ్డ డ్రిల్లు మాస్టరు నతానియేలు అడిగాడు. నేను అమ్మడానికి తెచ్చిన కొబ్బరినార క్రికెట్ మ్యాటు గ్రౌండులో పరిచి, మేకులు కొట్టి ఉంది.

"మూడేళ్లకు పూచీ నాది సార్."

నంద్యాలలో ఇదే మ్యాటు అతుకు మీద పడి లేచిన బంతికి ఒకాయన కన్ను పోయిందని, అందుకే నాకు సగం ధరకు వచ్చిందని చెప్పలేదు.

ఆయన బంతిని నాలుగుచోట్ల వేసి చూశాడు. సమంగానే లేచింది. అతుకు మీద మాత్రం పడలేదు. తర్వాత బ్యాటు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"సంతలో ఎద్దును అమ్మేవాడే కాడి కట్టి చూపిస్తాడు గదా. నువ్వే నిలబడు. మా పిల్లోడు మద్దిలేటి బంతి జోరుగా వేస్తాడు."

"నాకు ఆట రాదు సార్."

"నీ ఆట ఎవరిక్కావాలప్పా? మ్యాటును చూస్తాండాం."

మద్దిలేటి అడుగులు లెక్కపెట్టుకుంటూ దూరంగా పోయాడు. అతుకు సరిగ్గా నా ఎదురుగా ఉంది. లాభమెంతో, కన్ను ఖరీదెంతో నాకు అక్కడే తేలిపోయింది.

"సార్, మ్యాటు తిప్పి పరుద్దాం. అతుకు ఆ పక్కకు పోతుంది."

నతానియేలు అవతలి వికెట్ల వైపు చూశాడు.

"ఆ పక్క ఎవరిని నిలబెట్టమంటావప్పా?"