బోర్లించిన పాత్ర

సాన్ టిన్ గరిటె నిండా అన్నం ఎత్తి పట్టుకునే ఉన్నాడు. పద్నాలుగు మంది భిక్షువులు చూపులు నేలకు దించుకుని, వరుసగా అతని గుమ్మం ముందు నుంచి వెళ్ళిపోయారు. ఒక్కరూ ఆగలేదు, ఒక్క పాత్ర మూతా లేవలేదు. పక్కింటి డా సో యిన్ గుమ్మం ముందు మాత్రం బారులు తీరి నిలబడ్డారు.

“చూశావా! నిన్నటి కూర వేడిచేసి పెడుతోంది ఆ మహాతల్లి. అది పనికొచ్చింది. నా కొబ్బరన్నం, కోడికూర పనికిరాలేదు!” గరిటెను గిన్నెలోకి విసిరికొట్టాడు.

“అరవకండి, వీధంతా వింటోంది,” అంది భార్య ఖిన్ లే.

“విననీ. ఈ వార్డుకి పెద్దని నేను.”

“వార్డు మాట సరే. ముందు మీ చేతిని అదుపులో పెట్టుకోవాల్సింది.”

ఆ మాట చురుక్కుమంది. నెల కిందట ఐరావతి నది రేవు దగ్గర చేపలమ్మే ముసలామె బుట్టల్ని దారికి అడ్డంగా ఉన్నాయని కాలితో తన్నాడు. “ఎందుకు నాయనా, ఆమె పొట్టకూడు కదా,” అంటూ అడ్డొచ్చాడు సుమన అనే చిన్న భిక్షువు. సాన్ టిన్ అతని చేతిలోని భిక్షాపాత్ర లాక్కుని బురదలోకి విసిరాడు. “అడుక్కుతినేవాడివి, నాకు నీతులు చెబుతావా?” అన్నాడు.

సుమన స్వామి పాత్ర కడుక్కుని వెళ్ళిపోయాడు, ఎవరితోనూ అనలేదు. కానీ ఎవరో ఆ సంగతి మఠానికి మోశారు. పదిరోజుల కిందట భిక్షుసంఘం కూడి సాన్ టిన్ ఇంటి మీద పాత్ర బోర్లించింది. ఇక ఆ ఇంటి మెతుకు ఏ భిక్షువూ ముట్టడు.

అప్పుడతను నవ్వేశాడు. “మంచిదే, బియ్యం మిగులుతాయి,” అన్నాడు. కానీ అయిదు రోజుల కిందట అమ్మ పోయింది. ఏడో రోజున భిక్షువులు వచ్చి భోంచేసి, ఆ పుణ్యం పోయినవారికి పంచాలి. లేకపోతే ఆ ప్రాణం గడప దాటలేక ఇంట్లోనే తిరుగుతుందని ఊరందరి నమ్మకం. ఆ ఏడో రోజు ఎల్లుండే. అమ్మ పోయినప్పటినుంచీ సాన్ టిన్‌కు నవ్వు రావడం లేదు.

భిక్షువుల్ని భోజనానికి పిలవడానికి పడవెక్కి అవతలి ఒడ్డు మఠానికి వెళ్ళాడు. “ఆ సంఘం బోర్లించింది మేమెలా ఎత్తుతాం?” అన్నారు. కొండ మీది మఠానికి వెళ్తే అక్కడా అదే మాట. ఎండలో మెట్లన్నీ దిగేసరికి చెప్పు తెగింది. దాన్ని చేత్తో పట్టుకునే, మండిపోతూ సొంత వార్డు మఠానికి వచ్చాడు.

పెద్ద స్వామి వాకిలి ఊడుస్తున్నారు.

“ఒక్క బొచ్చె విసిరినందుకు ఇంత రాద్ధాంతమా, భంతే? చచ్చిపోయిన మా అమ్మ ఏం పాపం చేసింది?”

“ఏమీ చెయ్యలేదు.”

“మరి ఆవిడకెందుకు శిక్ష?”

“ఇది శిక్ష కాదు నాయనా. వైశాలిలో బుద్ధుడు పెట్టిన నియమం. తప్పు చేసినవాడు తెలుసుకునేదాకా పాత్ర బోర్లిస్తాం. తెలుసుకుని వచ్చి అడిగిన రోజున ఎత్తుతాం. ఆ తాళంచెవి నీ దగ్గరే ఉంది.”

“అడుగుతాను. ముందు ఆ ఫిర్యాదు చేసిందెవరో చెప్పండి. వాళ్ళ సంగతి తేల్చి, తర్వాత మీ కాళ్ళ మీద పడతాను.”

పెద్ద స్వామి చీపురు పక్కన పెట్టారు. “దుఃఖానికి మూలం ఏమిటని చిన్నప్పుడు ఇక్కడే వల్లించావు?”

“తృష్ణ.”

“ఇప్పుడు నీ తృష్ణ ఏమిటి?”

“మా అమ్మకి పుణ్యం దక్కాలి, అంతే!”

“అది తృష్ణ కాదు, ప్రేమ. నీ తృష్ణ ఆ ఫిర్యాదు చేసినవాళ్ళ పేరు. అది దొరక్కపోతే అమ్మ ఏడో రోజును కూడా వదులుకునేలా ఉన్నావు.”

తిట్టడానికి ఎవరూ లేక సాన్ టిన్ తెగిన చెప్పును నేలకేసి కొట్టాడు. ఉక్రోషంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బురదలోంచి పాత్ర తీసుకుంటున్న సుమన స్వామి మొహం అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు తను ఆ మొహం చూడనేలేదనుకున్నాడు. చూశాడు.

లోపలికి వెళ్ళాడు. పద్నాలుగు మంది భిక్షువుల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మూడుసార్లు నుదురు నేలకు ఆనించాడు. “తప్పు చేశాను. కళ్ళు నెత్తికెక్కి చేశాను. పొద్దున్నే ఆ చేపల అవ్వ దగ్గరికీ వెళ్తాను. క్షమించండి,” అన్నాడు సుమన వైపు తిరిగి. “పేరు వద్దు, భంతే. నాకక్కర్లేదు.”

సంఘం ఒప్పుకుంది. పాత్ర ఎత్తినట్టు పెద్ద స్వామి అందరి ముందూ చెప్పారు. “ఎల్లుండి పొద్దున మేమంతా మీ ఇంటికి భోజనానికి వస్తాం.”

సాన్ టిన్ కళ్ళు తుడుచుకుని లేచాడు.

“ఇక చెప్పొచ్చు,” అన్నారు పెద్ద స్వామి. “నువ్వు నీ అంతట నువ్వు వచ్చి తప్పు ఒప్పుకునేదాకా చెప్పొద్దని ఆవిడ నా దగ్గర మాట తీసుకుంది. తన ఇంటికి ఏ పుణ్యం దక్కకపోయినా సరే, ఈ మనిషి మారాలి అంది.”

“ఆవిడా?” సాన్ టిన్ మొహం మళ్ళీ ఎర్రబడింది. “నాకు తెలుసు! ఆ డా సో యినే కదూ?”

“మీ అమ్మ.”