మూడో కాపీ

ఎనిమిది నెలల తరువాత ఓబులేష్ మళ్ళీ సొన్నమ్మ గడప ముందు నిలబడ్డాడు. ఈసారి చెప్పులు బయటే విడిచాడు.

మొదటిసారి వచ్చింది 1999 మార్చిలో. హూడి రోడ్డు పక్కన నడిచి పోతున్న ఆమె కూతురిని అతని కారు గుద్దిన మరునాడు. అప్పటికింకా పాడె కట్టలేదు. అతను నల్ల కళ్ళద్దాలు కూడా తీయలేదు. "ఇన్సూరెన్స్ ఉండాదిలే. కంపెనీవాళ్ళు కడతారు. నా చేతి నుంచి పోయేదేమీ లేదు," అని పక్కవాళ్ళతో చెప్పి, ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

"అక్కా, నువ్వే కాపాడాల," అన్నాడు ఇప్పుడు.

సొన్నమ్మ బియ్యం ఏరుతోంది. చేట దించలేదు.

"పాలసీ కాయితం పోయిందక్కా. కారు డాష్‌బోర్డులో పెట్టింటి. ఇరవై రోజులు కారు పోలీసు స్టేషన్ ముందర పడుండె కదా, ఎవడో ఎత్తుకుపోయినాడు. నువ్వూ వస్తా ఉంటివి కదా స్టేషన్‌కి, ఎవడైనా కనిపించినాడా?"

"నాకెవరూ కనిపించలేదు."

"ఒక జిరాక్స్ అయినా తీసిపెట్టుకోలేదు చూడు, నా అంత ఎద్దు ఇంకొకడు ఉండడు. సరే, ఇన్సూరెన్స్ ఆఫీసులో ఒక కాపీ ఉంటాది కదా అని పోతే, ఫైలులో అదీ లేదు."

"ఆఫీసుకు నేనూ పోయినా. గుమస్తా ఫైలు నా చేతికే ఇచ్చినాడు."

"మరి చూసినావు కదా వాళ్ళ యవ్వారం! సోమవారం లోపల కాయితం కోర్టులో చూపించకపోతే, ఇన్సూరెన్సే లేదని కంపెనీ చేతులు దులుపుకుంటాదంట. పరిహారమంతా నా నెత్తిన పడి, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో నా ఇల్లు వేలానికొస్తాది. నీకూ నష్టమే అక్కా. కంపెనీ అయితే ఒక్కసారిగా ఇస్తాది. నా దగ్గరయితే ఏండ్లు తిరగాల."

"ఇంకెక్కడ ఉంటాది?"

"ఏజెంటు దగ్గర. దొడ్డబళ్ళాపురంలో ఆవులప్ప అని. రాసిన ప్రతి పాలసీకీ ఒక కాపీ ఇంట్లో పెట్టుకుంటాడు. అయితే ఆయన్ని ఒకసారి పది మంది ముందర దొంగ అన్నా. నన్ను గేటు లోపలికి రానీలేదు. నువ్వడిగితే ఇస్తాడు. కన్నతల్లివి."

సొన్నమ్మ చేట దించింది.

"పోతా," అంది.

దొడ్డబళ్ళాపురంలో కరెంటు లేదు. వీధి వీధంతా మరమగ్గాలు ఆగిపోయి ఉన్నాయి. ఆవులప్ప అటక మీద నుంచి ఒక మూట దించాడు. ఏడాదికొక మూట, పాత పంచెలో కట్టి.

"ఆఫీసును నమ్ముకుంటే ఇంతే తల్లీ. ఎవరి కాపీ వాళ్ళ దగ్గర ఉండాల."

సొన్నమ్మకు ఇంగ్లీషు రాదు. కానీ ఆ కారు నంబరు ఎక్కడున్నా గుర్తుపడుతుంది. ఆయన కంటే ముందు ఆమే వేలు పెట్టి చూపించింది.

"బిడ్డ పేరేమి?"

ఎనిమిది నెలల్లో ఆ మాట అడిగినవాడు ఆయనొక్కడే.

"నేత్రావతి."

ఆవులప్ప కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "కరెంటు రానీ. జిరాక్స్ తీయించి ఇస్తా. ఇది నా దగ్గరే ఉండనీ."

"జిరాక్స్ వద్దప్పా. నాకు ఇదే కావాల."

"ఎక్కడైనా పోతేనో?"

"నా బిడ్డ కాయితం అప్పా. ఊరికే పోనిస్తానా?"

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. కాయితం మడిచి కవరులో పెట్టి ఇచ్చాడు.

గేటు దాకా వెళ్ళి సొన్నమ్మ ఆగింది. "ఇట్లాంటిది ఇంకెక్కడైనా ఉండాదా?"

"లేదు తల్లీ. ఇదే ఆఖరుది. భద్రం."

బస్సులో ఆ కవరును రొమ్ముకు అదుముకునే కూర్చుంది. పొద్దు వాలకముందే హూడి చేరింది. వీధి మలుపులో ఓబులేష్ కాచుకొని ఉన్నాడు.

"దొరికిందా అక్కా?"

"దొరికింది."

అతను రెండు చేతులూ ఎత్తి మొక్కాడు. "ఇట్లియ్యి, నేనే వకీలుకు ఇస్తా."

"డాష్‌బోర్డులో పెట్టేదానికా?"

ఓబులేష్ సిగ్గుపడి నవ్వాడు. "నిజమేలే. నీ దగ్గరే ఉండనీ."

సొన్నమ్మ లోపలికి వెళ్ళి గడియ పెట్టుకొని, కారులోంచి తీసిన కాయితం మీద ఆఫీసు ఫైలులోంచి లాగిన కాయితం, దాని మీద ఆవులప్ప ఇచ్చిన కాయితం పెట్టి, అగ్గిపుల్ల గీసింది.