ఆరున్నరకు ఆగే సర్వర్

రెండు వందల లీటర్ల పాలు విరిగిపోవడానికి కారణం వినోద్. పుంగనూరు పక్కన ఉన్న ఆ పాల సంఘానికి మూడు నెలల కింద కొత్త కంప్యూటర్ ప్రోగ్రామ్ రాసింది అతనే. రోజూ పొద్దున ఆరున్నరకు సర్వర్ ఆగిపోతుంది. అరగంట కదలదు. చీటీ రాదు. చీటీ లేనిదే ట్యాంకర్ పాలు ఎత్తుకోదు.

“మదనపల్లెలో సదివినోడని నమ్మితిమి. ఇంక సాలప్పా, బ్యాగు సర్దుకో,” అన్నాడు సంఘం ప్రెసిడెంటు గంగులయ్య.

“నా కోడ్‌లో తప్పు కనబళ్లేదు సార్.”

“పాలకు మాత్రం కనబడిందేమో. అందుకే విరిగినాయి.”

కుప్పంలో అంబిక అనే ఇంజనీరు ఉంది, ఒక్కసారి పిలిపించమని వినోద్ బతిమాలాడు. గంగులయ్య మూడు రోజులు గడువిచ్చాడు. అంతలోపల తేలకపోతే ఉద్యోగం లేదు.

అంబిక వచ్చింది. ఇరవై నిమిషాల్లో పని ముగించింది.

“ఏం మార్చితివమ్మా?”

“వినోద్ రాసిందాంట్లో ఒక్క అక్షరం ముట్టుకోలేదు సార్. ట్రేసింగ్ పెట్టినా. ప్రోగ్రామ్ డేటాబేస్‌ను ఏం అడిగినా దానంతటదే రాసిపెడతాది. ఎవురు అడిగిరి, ఏమి అడిగిరి, ఎంతసేపు పట్టె. దొంగ తప్పించుకోలేడు.”

“దొంగ నీ పక్కనే నిలబడుండాడు సూడు,” అన్నాడు గంగులయ్య.

నాలుగో రోజు అంబిక స్క్రీన్ గంగులయ్య వైపు తిప్పింది. మూడు రోజులూ సరిగ్గా ఆరున్నరకే. ఒకే లాగిన్ నుంచి రోజుకు పద్నాలుగు వందల సార్లు డేటాబేస్‌ను అడిగారు.

“ఎవుడు వాడు? పేరు సెప్పు. ఈ పొద్దే తరిమేస్తా!”

“మీ లాగినే సార్.”

వినోద్ తల పక్కకు తిప్పుకున్నాడు.

“నేనా? నేనేమి అడిగితిని?”

“ఫోటోలు. పాలు పోసేటప్పుడు మనిషిని తీస్తారు కదా, అవి. రోజూ ఒకే ఆమెవి, పాత కంప్యూటర్లోంచి ఎక్కించిన నాలుగేండ్లవి, మొత్తం తెరిపిస్తాండారు. ఒక్కో ఫోటోకి ఒక్కోసారి పోయి అడగతాండాది, అందుకే ఆగిపోతాది. బయ్యమ్మ అంట. రెండేండ్లుగా పాలే పొయ్యలేదు. ఆమెవన్నీ తీసేద్దామా సార్? సర్వర్ తేలికవుతాది.”

గంగులయ్య కుర్చీలో కూర్చున్నాడు.

“తీయొద్దు. వినోద్ పనిలోనే ఉంటాడు. ఆమె నా పెండ్లాం. కన్నుమూసి రెండేండ్లాయ. ఈ సంగతి ఇంక నా ముందర ఎవురూ ఎత్తొద్దు.”