పక్క చెరువు గట్టు

"చూశావా? మళ్లీ అడుగు పెంచాడు!"

రాజరత్నం మాస్టారు గొడుగు కింద నిలబడి పక్క చెరువు గట్టుకేసి చెయ్యి చూపించారు. రెండువేల అయిదు సెప్టెంబరు వాన అది, తెరిపి అన్నది లేకుండా కొడుతోంది. కొల్లేరు నిండిపోయి, గట్ల కింద మురుగుకాలువ ముందుకి పోలేక వెనక్కి ఎగదన్నుతోంది.

"పెంచితే పెంచాడులెండి నాన్నగారూ," అన్నాడు బెంజమిన్ ఆవలింత ఆపుకుంటూ. "పోయినేడు మనం పెంచాం, అది చూసి హసన్ పెంచాడు. అతను పెంచాడని మొన్న మళ్లీ మనం పెంచాం. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు మరి."

మాస్టారు ఏలూరు కాలేజీలో ముప్ఫయ్యేళ్లు పాలిటిక్స్ చెప్పి రిటైరయ్యారు. దేశాల మధ్య స్నేహాలుండవు, అవసరాలే ఉంటాయన్నది ఆయనకి బైబిలు తర్వాత బైబిలు. రిటైరయినప్పుడు చేతికొచ్చిందంతా పెదపాడు దగ్గర ఈ చెరువులో పోశారు. ఎక్కడా ఉద్యోగం దొరకని కొడుక్కి ఇదొక్కటే బతుకుతెరువు. చేప పట్టుబడికి వచ్చింది. వాన ఆగితే లారీ వస్తుంది. ఈలోగా గట్టు తెగిందో, శీలావతులూ బొచ్చెలూ కొల్లేట్లో కలుస్తాయి, కొడుకు రోడ్డున పడతాడు.

కాలువ నీళ్లకి ఎటో ఒకవైపు దారి కావాలి. పక్కపక్కనే ఉన్న రెండు గట్లలో ఏది తక్కువెత్తయితే దాన్ని తెంచుకుంటాయి. ఒకటి తెగితే నీళ్లు అందులోకి పోయి రెండోది బతుకుతుంది. ఇప్పుడు తక్కువెత్తు మాస్టారిదే.

"హసన్ అలాంటివాడు కాదండీ. మీ స్టూడెంటే కదా! గట్టు ఎత్తుగా ఉంటే రేపు వరదలో మీకూ మాకూ పనికొస్తుందన్నాడు కూడానూ."

"అంటాడు. అనడానికేం పోయింది? ఎదుటివాడి మనసులో ఏముందో నీకు కనపడదురా. చేతిలో ఏముందో కనపడుతుంది. వాడి చేతిలో మనకంటే అడుగెత్తు ఉంది. ఇవాళ మంచివాడే. నీళ్లు గట్టెక్కే వేళకి పార పుచ్చుకుని మన గట్టు మీదికి రాడని ఏంటి గ్యారంటీ?"

"రాడండి."

"వస్తే ఎవడితో చెప్పుకుంటావు? ఈ నీళ్లలో పోలీసులొస్తారా? పైన అడిగే నాథుడు లేనప్పుడు ఎవడి గట్టు వాడే కాచుకోవాలి. ముందు కొట్టినవాడు బతుకుతాడు. నమ్మినవాడు మునుగుతాడు."

"నమ్మక చెడినవాళ్లున్నారు గానీ నమ్మి చెడినవాళ్లు లేరంటుంది కదండీ అమ్మ."

"మీ అమ్మ ఆ ముక్క పరీక్షలో రాస్తే సున్నా వేసేవాణ్ణి."

బెంజమిన్ నవ్వాడు. రెండు రాత్రులుగా కునుకు లేకుండా గట్టు కాస్తున్నాడేమో, కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"నువ్వు పెదపాడు వెళ్లి ఖాళీ గోనెసంచులు పట్రా. మట్టి నింపి వేద్దాం," అన్నారు మాస్టారు.

"మిమ్మల్నొక్కరినే వదిలేసి ఎలా వెళ్లనండీ?"

"నాకేం ఫరవాలేదు. దొరికినన్ని తీసుకురా. తొందరేం లేదు."

నిజానికి మాస్టారికి గోనెసంచుల మీద నమ్మకం లేదు. కొడుకు కాసేపు కళ్లెదుట లేకుండా పోవాలి, అంతే. వెన్నలాంటి మనసు వాడిది, తండ్రి చెయ్యి పట్టుకుని ఆపినా ఆపుతాడు.

బెంజమిన్ వానలో నడుచుకుంటూ కొబ్బరిచెట్ల వెనక కనుమరుగయ్యాడు. కాసేపటికి హసన్ మోటారుసైకిలు చప్పుడు వినిపించి, రోడ్డువైపు పోయి, సన్నగిల్లింది. మాస్టారు గట్టు చివరిదాకా వెళ్లి తొంగిచూశారు. హసన్ పాక ముందు బండి లేదు. పాక తలుపు దగ్గరగా వేసి ఉంది.

మాస్టారికి గుండె కుదుటపడింది. మనిషి ప్రాణం తియ్యడం ఆయన సిలబస్‌లో లేదు. పోతే చేపలు పోతాయి. హసన్ వయసులో ఉన్నవాడు, మళ్లీ చేపపిల్ల వేసుకుంటాడు.

పార భుజాన వేసుకుని రెండు చెరువుల మధ్య గట్టు మీదుగా నడిచారు. హసన్ పాక పక్కన, కాలువ వైపు గట్టు మూలమీద, నిన్న కూలీలు పోసిన కొత్తమట్టి ఇంకా గట్టిపడలేదు. పాఠం అయ్యాక ఎవరూ చెప్పకుండానే లేచి బోర్డు తుడిచే హసన్ గుర్తొచ్చాడు. సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే పార ఎత్తి వేశారు.

ఎక్కువ తవ్వనక్కర్లేకపోయింది. సన్నగా గండి పడగానే మిగతా పని నీళ్లే చేసుకున్నాయి. గట్టు మూల కరిగిపోయింది. తాటాకు పాక ఒక పక్కకి ఒరిగి, గుంజలతో సహా చెరువులోకి జారి, సుడిలో మునిగిపోయింది. ఎంత వెతికినా పైకప్పు కూడా కనపడలేదు.

కాలువలో నీరు జానెడు దిగింది. మాస్టారి గట్టు నిలబడింది. తన పాకలోకి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే, చేసిన పనికి దిగులు బదులు సంతోషమే కలిగింది ఆయనకి. కొడుకు బతుకు గట్టెక్కించానన్న సంతోషం. ఇంతలో సెల్‌ఫోను మోగింది. హసన్!

ఏం అబద్ధం చెప్పాలో ఆలోచించుకుని ఎత్తారు.

"మాస్టారండీ, పెదపాడు నుంచి మాట్లాడుతున్నానండీ. మీ గట్టు ఎలా ఉందండీ?"

"నిలబడిందయ్యా."

"హమ్మయ్య! మీది తక్కువెత్తు కదా అని ఒకటే గాభరాగా ఉందండీ. గోనెసంచులు దొరికాయండీ, ఆటోలో వేయిస్తున్నాను. ముందు మీ గట్టుకే వేసేద్దామండీ."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "సంచులకి మా బెంజమిన్ వెళ్లాడుగా, నీకెందుకయ్యా శ్రమ?"

"నేను బయల్దేరబోతుంటే కనిపించాడండీ. నిద్రలేక తూలిపోతుంటే నేనే ఆపేశాను. నేనెలాగూ వెళ్తున్నాను, నీవి కూడా నేనే తెస్తాలే అన్నానండీ."

"మరి వాడేడీ?"

"మా పాకలో పడుకున్నాడండీ."